కీ దగ్గరికి పోయొస్తా

ఇంగ్లీషులో అన్యాయాలు చాలా ఉన్నాయి గాని, నది ఒడ్డుకు వాళ్ళు పెట్టుకున్న పేరంత అన్యాయం ఇంకోటి లేదు. రాసేటప్పుడు క్యూ, యూ, ఏ, వై. పలికేటప్పుడు ‘కీ’. తాళంచెవినీ ‘కీ’ అనే అంటారు. మరి రెంటికీ తేడా ఎట్లా తెలుస్తుందయ్యా అంటే, సందర్భాన్ని బట్టి తెలుస్తుందని తాపీగా చెబుతారు. ఆ సందర్భం ఎంత నమ్మదగిందో నాకు జరిగింది చెబితే మీకే అర్థమవుతుంది.

మేం ఉండేది ఐర్లండ్ దేశంలోని కార్క్‌లో. నది రెండు పాయలుగా చీలి, ఊరి నడిబొడ్డును మధ్యలో ఇరికించుకుంది. ఎటు నడిచినా పది నిమిషాల్లో ఒక వంతెన, ఒక కీ తగులుతాయి. వచ్చిన కొత్తలో నేను బస్సెక్కి ‘క్వే’ దగ్గర దింపమని డ్రైవర్‌ని అడిగేదాన్ని. పాపం అతను మర్యాదస్తుడు, ఏమీ అనకుండా దింపేవాడు. మా పాపకు మాత్రం ఆ మర్యాద లేదు. ఏడేళ్ళప్పుడు ఒకరోజు నిండు బస్సులో అందరికీ వినపడేలా అంది: “అమ్మా, ఇట్స్ నాట్ క్వే, లైక్. ఇట్స్ కీ!” ఇంటికి వచ్చాక దాని చెవి మెలేశాను గాని, ఆ రోజు నుంచి బస్సులో ‘కీ’ అన్న మాట నా నోట తప్పు పలికితే ఒట్టు.

కరీంనగర్‌లో నేను తొమ్మిదేళ్ళు హైస్కూల్లో సోషల్ చెప్పాను. అరవై మంది పిల్లలు, రెండు ఫ్యాన్లు, వాటిలో ఒకటి తిరగదు. అయినా నేను కాకతీయుల పాఠం మొదలుపెడితే వెనక బెంచీ కూడా గప్‌చుప్. నాకు కోపం ముక్కు మీద ఉంటుందని పిల్లలకు తెలుసు, చాక్‌పీసు విసిరితే గురి తప్పదనీ తెలుసు. కాని వాళ్ళు విన్నది భయంతో కాదు. నాకు చెప్పడం వచ్చు. ఈ మాట నేనే చెప్పుకుంటే బాగుండదు గాని, ఇక్కడ నా తరఫున చెప్పేవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి నేనే చెప్పుకుంటున్నాను.

మా ఆయనకు ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చి కార్క్ చేరాక, ఎనిమిదేళ్ళలో నేను వరుసగా ఐదు నిమిషాలు మాట్లాడి ఎదుటి మనిషి చివరిదాకా విన్నది ఒక్క జీపీ డాక్టర్ దగ్గరే. అదీ నా మోకాలి నొప్పి గురించి. మిగతా వేళల్లో నా ఇంగ్లీషు చిల్లర సామాన్ల ఇంగ్లీషు. ఇది కావాలి, అది వద్దు, థాంక్యూ, సారీ. రాత్రి పడుకున్నాక తలలో మాత్రం పాఠాలు నడుస్తూ ఉండేవి. ఎవరికి చెప్పాలి? గోడలకా?

అట్లాంటి రోజుల్లో లైబ్రరీ గోడ మీద ఒక కాగితం కనిపించింది. ఊళ్ళోని పాత కట్టడాలను శనివారం ఉదయం నడిపిస్తూ చూపించడానికి ఒక సంఘానికి గైడ్లు కావాలట. జీతం లేదు, సేవే. ఆరు వారాలు, ప్రతి మంగళవారం వాళ్ళే నేర్పిస్తారు. చివర్లో ఒక పరీక్ష నడక. నిజం మనుషులను వెంటబెట్టుకుని ఊరు చూపించాలి, సంఘం పెద్దావిడ వెనక నడుస్తూ మార్కులు వేస్తుంది. నెగ్గితే శనివారాలు మనవి. లేకపోతే మళ్ళీ వచ్చే వేసవిదాకా ఆగాలి. పది మంది నిలబడి నేను చెప్పేది వినాలి, అంతే. అంతకు మించి నేనేమీ అడగలేదు.

“కార్క్ గురించి కార్కోళ్ళకు నువ్వు చెప్తవా?” అన్నాడు మా ఆయన, చాయ్ తాగుతూ.

“చెప్తే తప్పేంది? గోల్కొండల గైడ్లందరు నవాబులేనా?” అన్నాను.

ఆ తర్వాత ఆరు వారాలు మంగళవారం వంట ఆయనే చేశాడు. ఉప్మా ఒక్కటే వచ్చు కాబట్టి ఆరు మంగళవారాలు ఉప్మానే తిన్నాం.

పాఠాలు భలేగా ఉండేవి. నేను ఎనిమిదేళ్ళుగా కూరగాయల సంచీతో నడిచే గ్రాండ్ పరేడ్ ఒకప్పుడు రోడ్డే కాదట, నీళ్ళట. పడవలు తిరిగేవట. పైన కప్పేసి రోడ్డు వేశారు. సౌత్ మాల్ వీధిలో కొన్ని పాత ఇళ్ళకు గుమ్మం నేల మీద ఉండదు, మెట్లెక్కి పోవాలి. ఆ మెట్ల కింద ఇంకో చిన్న తలుపు ఉంటుంది. పడవ తెచ్చి అక్కడ ఆపి, సరుకు ఆ తలుపులోంచి లోపలికి చేరవేసేవాళ్ళట. ఇది విన్న రోజు నేను ఇంటికి పోకుండా ఆ మెట్ల ముందు నిలబడిపోయాను. సూట్లు వేసుకున్నవాళ్ళు ఫోన్లు చూసుకుంటూ నా పక్కనుంచే పోతున్నారు. మీరు నీళ్ళ మీద నడుస్తున్నారయ్యా అని అరవాలనిపించింది.

ఇంకో విషయం డచ్చి ఇళ్ళది. ఈ ఊరి వెన్న ఓడల్లో దేశదేశాలకూ పోయేది. వెనక్కి వచ్చేటప్పుడు ఓడ తేలికై ఊగకుండా అడుగున డచ్చి దేశపు ఇటుకలు నింపుకొచ్చేవాళ్ళట. ఇటుకలతోపాటు ఇళ్ళు కట్టే తీరూ వచ్చింది. ఇంటి నెత్తిన గోడ త్రికోణంగా కాకుండా, రెండు పక్కలా వంపులు తిరిగి గంట ఆకారంలో లేస్తుంది. అట్లాంటి ఇంటిని ఐర్లండ్‌లో ‘డచ్ బిల్లీ’ అంటారు. నేను ఇది పైకి చదువుతుంటే మా ఆయన వంటింట్లోంచి తొంగిచూసి, “డచ్చోళ్ళ పిల్లి ఉందా? ఎక్కడ?” అన్నాడు. హైదరాబాదులో చదువుకున్న మనిషికి, ఉర్దూలో లాగే, బిల్లీ అంటే పిల్లి మరి. అసలు సంగతి, డచ్చి దేశం నుంచి వచ్చి ఇక్కడ రాజైన ఒకాయన పేరును జనం ముద్దుగా అట్లా పొట్టి చేశారు. తర్వాత ఫ్యాషన్ మారింది. ఇళ్ళవాళ్ళు ముందు గోడను తిన్నగా పైకి లేపి ఆ వంపులన్నీ దాచేశారు. మాకు నేర్పించిన ఆయన, కార్క్‌లో చూపించడానికి ఇప్పుడు సరైనది లేదు, వదిలేయండి అన్నాడు.

లేదంటే లేదా? మా ఇండియన్ స్టోర్ నుంచి కొండవైపు పోయే అడ్డదారిలో ఒక సందుంది. పప్పు బస్తా భుజం మార్చుకోవడానికి ఆగినప్పుడల్లా తలెత్తి చూసేదాన్ని. అక్కడొక ఇంటి వెనక గోడ అచ్చం అట్లాగే ఉంటుంది. కాని ఆ మాట క్లాసులో అనడానికి నోరు రాలేదు. పుస్తకంలో లేనిది నేను చెబితే ఎవరు నమ్ముతారు? అనుకుని ఊరుకున్నాను. చూడండి, అరవై మందిని ఆడించిన మనిషిని ఎనిమిదేళ్ళు ఎట్లా చేశాయో.

పరీక్ష కోసం పదిహేడు కాగితాలు రాసుకున్నాను. పాప పక్కన కూర్చుని ఉచ్చారణ దిద్దింది. కన్నకూతురని జాలి చూపిస్తుందనుకున్నాను. అబ్బే, కరీంనగర్ పిల్లల తరఫున నా పాత చాక్‌పీసు దెబ్బలన్నిటికీ వడ్డీతో సహా తీర్చుకుంది. “కీ, అమ్మా. సే ఇట్ అగెయిన్. కీ.” కీ, కీ, కీ అని నేను ఇంట్లో తిరుగుతుంటే పిచ్చుక దూరిందేమో అనుకున్నాడు మా ఆయన.

జూన్ నెల శనివారం, పదకొండు గంటలు. ఎండ కాసింది. ఇక్కడ ఎండ కాస్తే జనం చుట్టాలొచ్చినంత సంబరపడతారు, అందరి ముఖాలూ విప్పారి ఉన్నాయి, ఒక్క నాది తప్ప. నా ముందు పది మంది. లెటర్‌కెన్నీ అనే ఊరి నుంచి ఇద్దరు పిల్లలతో వచ్చిన ఒక కుటుంబం, నలుగురు అమెరికా వాళ్ళు, డచ్చి దేశం నుంచి వచ్చిన పెద్ద వయసు దంపతులు. పదకొండో మనిషి పెద్దావిడ. డెబ్బై దాటి ఉంటాయి, పొట్టి తెల్లజుట్టు, ఎండలోనూ రెయిన్‌కోటు, చేతిలో అట్టకు బిగించిన కాగితం. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. నేనిక్కడ లేననుకో అని చెప్పి వెనక్కి పోయి నిలబడింది. ఎట్లా అనుకోవాలి?

ఎంత ఘోరంగా చేశానో దాచను. కాగితం చదివాను. తల దించుకుని, గొంతు పీలగా చేసుకుని, స్కూల్లో నేను ఏ పిల్లల్నయితే “పాఠం చెప్పమంటే పద్యం అప్పజెప్తవేంది?” అని తిట్టేదాన్నో అచ్చం వాళ్ళలాగే చదివాను. సౌత్ మాల్ దగ్గర “దయచేసి మెట్ల కింద తలుపును గమనించండి” అని చదివి తలెత్తితే, అది మెట్లు లేని ఇల్లు. రెండిళ్ళు ముందే ఆగిపోయాను. అమెరికా ఆవిడ మర్యాదకు ఆ గోడనే ఫోటో తీసుకుంది. వెనక పెన్ను గరగరమని రాస్తున్న చప్పుడు వినిపించింది.

చివరి మజిలీ షాండన్ గుట్ట మీద చర్చి. ఆ గోపురం రెండు పక్కలు ఎర్ర రాయి, రెండు పక్కలు తెల్ల రాయి. నెత్తిన బంగారు పూత పూసిన చేప. నాలుగు వైపులా నాలుగు గడియారాలు, ఒకదానికొకటి పడదు, నాలుగూ నాలుగు టైములు చూపిస్తాయి. అందుకే ఊరివాళ్ళు దాన్ని ‘నాలుగు ముఖాల అబద్ధాలకోరు’ అంటారు. పైకెక్కినవాళ్ళు ఎవరైనా తాళ్ళు లాగి గంటలు మోగించవచ్చు. ఏ తాడు తర్వాత ఏ తాడో అంకెలు రాసిన కార్డు చేతికిస్తారు. నేను చదువుతున్నంతసేపూ పైన ఎవరో ఆ అంకెలు తప్పుతూ ఏదో పిల్లల పాట మోగిస్తూనే ఉన్నారు. జనం నా మాటకన్నా ఆ తప్పుల పాటనే ఇష్టంగా విన్నారు. నేనూ దాన్నే విన్నాను.

పదిహేడో కాగితం అయిపోయింది. చప్పట్లు మర్యాదగా నాలుగు పడ్డాయి. పెద్దావిడ వెనక తల వంచి రాసుకుంటోంది. ఫలితం ఫోన్లో చెబుతానని ముందే అంది కాబట్టి ఇంక నాకక్కడ పని లేదు. పది మంది ముందు ఏడిస్తే అంతకన్నా పరువు తక్కువ ఉండదని, నది ఒడ్డున బస్సు పట్టుకోవాలని తొందరపడి, నవ్వు ముఖం పెట్టి ఇంగ్లీషులో అన్నాను:

“థాంక్యూ ఎవ్రీబడీ. ఐ హావ్ టు రన్ టు ద కీ. ఐ విల్ గో అండ్ కమ్.”

అని గబగబా గుట్ట దిగిపోయాను.

బస్‌స్టాప్ బెంచీ మీద కూర్చుని, కాగితాలు పక్కన పడేసి, తీరిగ్గా ఏడ్చాను. ఒక బస్సు పోయింది. ముఖం అట్లా పెట్టుకుని ఎక్కలేకపోయాను. ఇంకో బస్సు కోసం కూర్చున్నాను. అరగంట అయి ఉంటుంది, ఫోన్ మోగింది. పెద్దావిడ. ఇంత తొందరగా ఫెయిల్ చేసిందా అనుకుంటూ ఎత్తాను.

“కీ దొరికిందా?” అంది.

ఎంత మంచి మనిషి, క్షేమంగా చేరానా అని కనుక్కుంటోంది అనుకున్నాను. “ఆ ఆ, దొరికింది. కీ దగ్గరే ఉన్నాను.”

“హమ్మయ్య. ఇంకా ఎంతసేపు?”

“మూడు నిమిషాల్లో వచ్చేస్తుంది.”

“ఏమొస్తుంది?”

“బస్సు.”

“బస్సెందుకు?”

“ఇంటికి పోవడానికండీ.”

అప్పుడు ఫోన్లోంచి ఆ తప్పుల పిల్లల పాట, గంటల మీద, స్పష్టంగా వినిపించింది. పెద్దావిడ ఇంకా చర్చి దగ్గరే ఉంది.

“అమ్మాయ్,” అంది మెల్లగా, “మేం పదకొండు మందిమీ ఇక్కడే నిలబడి ఉన్నాం. నువ్వు తాళంచెవి తేవడానికి వెళ్ళావని.”

అయ్యో నా తలకాయ! ఎక్కడి మాటను ఎక్కడ అతికించాను! కాగితాలు బెంచీ మీదే వదిలేసి గుట్ట మీదికి పరుగెత్తాను. మోకాలి నొప్పి గురించి జీపీకి చెప్పినదంతా అబద్ధమేమో అన్నట్టు పరుగెత్తాను. పోయేసరికి నిజంగానే అందరూ ఉన్నారు. లెటర్‌కెన్నీ పిల్లలు మెట్ల మీద కూర్చుని ఐస్‌క్రీమ్ తింటున్నారు. నన్ను చూడగానే అందరి కళ్ళూ నా చేతుల మీద పడ్డాయి. ఖాళీ చేతులు.

పెద్దావిడ అంది: “ఇరవై ఏళ్ళుగా చేస్తున్నాను, నాకు ఈ ఊళ్ళో ఎవరూ ఒక్క తాళంచెవి ఇవ్వలేదు. నీకు ఏ తలుపుది ఇచ్చారో చూసి పోదామని నేనూ ఆగాను.”

అప్పుడు చెప్పక తప్పలేదు. రొప్పుతూనే చెప్పాను. మా భాషలో ఇంట్లోంచి కదిలేటప్పుడు పోతున్నా అనం, అనకూడదు. ‘పోయాడు’ అంటే చచ్చిపోయాడని. అందుకని పక్క వీధికి పోయినా, పక్క దేశానికి పోయినా, ‘పోయొస్తా’ అంటాం. అంటే నిజంగా తిరిగి వస్తామని కాదు, బతికి ఉంటామని. మా అమ్మమ్మ దగ్గర నోరు జారి ‘పోత’ అంటే గడపలోంచి వెనక్కి పిలిచి, కూర్చోబెట్టి, మంచినీళ్ళు తాగించి మళ్ళీ సరిగ్గా అనిపించి పంపేది. నేను ఇంటికే పోతున్నాను. పోయొస్తా అన్నాను. కీ అంటే నది కీ.

ముందు డచ్చి ఆవిడ పకపకా నవ్వింది. మేమూ సెలవు తీసుకునేటప్పుడు ‘మళ్ళీ చూసేదాకా’ అంటాం, కాని ఇంతవరకు ఎవరూ నమ్మి నిలబడలేదు అంది. అంతే, అమెరికా వాళ్ళు నవ్వారు, పిల్లలు నవ్వారు, నేనూ నవ్వాను. ఎనిమిదేళ్ళలో నేను చెప్పిన మాటకు అంతమంది ఒకేసారి నవ్వడం అదే మొదలు.

“అయితే తలుపేమీ లేదన్నమాట,” అంది పెద్దావిడ, రెయిన్‌కోటు బొత్తాలు పెట్టుకుంటూ.

లేదు, క్షమించండి అని ఊరుకుంటే సరిపోయేది. నోరా వీపుకు చేటు తేకే అని ఊరికే అనలేదు పెద్దలు. కాని వాళ్ళు అరగంట నిలబడ్డారు. నా మాట నమ్మి నిలబడ్డారు. ఉత్త చేతులతో ఎట్లా పంపను? “తాళంచెవి అక్కర్లేని ఇల్లొకటి ఉంది. ఐదు నిమిషాల దూరం. పుస్తకంలో లేదు. వస్తారా?” అన్నాను. పెద్దావిడ కనుబొమలు ఎత్తింది. పిల్లలు అప్పటికే లేచి నిలబడ్డారు.

చేతిలో కాగితాలు లేవు, బస్‌స్టాప్‌లో ఉన్నాయి. కాబట్టి నడుస్తూ నోటికొచ్చింది చెప్పాను. గడియారాల వైపు చూపించి, మా దేశంలోనూ ఒక నాలుగు ముఖాలాయన ఉన్నాడు, లోకాలన్నీ సృష్టించినవాడు, ఆయనా ఒకసారి అబద్ధమాడి దొరికిపోయాడు అన్నాను. అంతు లేని వెలుగు స్తంభం కొన చూడకుండానే చూశానన్నాడు, మొగలిపువ్వు చేత దొంగ సాక్ష్యం చెప్పించాడు, అందుకే ఆయనకు గుళ్ళు లేవు. “మీ అబద్ధాలకోరు నయం, దీనికి గుడి కూడా ఉంది,” అన్నాను. లెటర్‌కెన్నీ తండ్రి చర్చి వైపు తిరిగి చూసి, భార్య చేయి పట్టుకుని మరీ నవ్వాడు.

ముందు వీధిలోంచి తీసుకుపోయాను. అక్కడ ఆపి, “ఏం కనిపిస్తోంది?” అని అడిగాను. మామూలు ఇల్లు, బూడిద రంగు, తిన్నని గోడ. “ఏమీ లేదు,” అన్నాడు చిన్నపిల్లాడు. “గుర్తుపెట్టుకో,” అన్నాను. ఇంటి పక్కనుంచి వెనక సందులోకి తిప్పాను. ఇరుకు సందు, చెత్తడబ్బాలు, ఎవరివో ఆరేసిన దుప్పట్లు. అక్కడ నా నోట్లోంచి వచ్చిన గొంతు విని నేనే ఉలిక్కిపడ్డాను.

“అందరూ గోడవైపు తిరగండి! పొట్టివాళ్ళు ముందుకు, పొడుగువాళ్ళు వెనక్కి! మాటలొద్దు!”

ఇంగ్లీషులోనే అన్నాను గాని ఆ గొంతు కరీంనగర్‌ది. ఆరడుగుల డచ్చి ఆయన గబుక్కున వెనక్కి పోయి నిలబడ్డాడు. పెద్దావిడ పొట్టి కదా, నోరెత్తకుండా ముందుకు వచ్చింది.

“ఇప్పుడు పైకి చూడండి. ఏం కనిపిస్తోంది?”

“గంట!” అన్నాడు పిల్లాడు.

అవును, గంట. ఎర్ర ఇటుక గోడ పైకి లేచి, రెండు పక్కలా వంపు తిరిగి, మళ్ళీ దగ్గరపడి ఎండలో నిలబడి ఉంది. ముఖం మార్చుకున్న ఇల్లు వెనకవైపు మర్చిపోయింది అని చెప్పాను. వెన్న పోయిన ఓడల గురించి, ఇటుకలతో తిరిగొచ్చిన ఓడల గురించి చెప్పాను. ఫ్యాషన్ కోసం ముందు గోడ లేపినవాళ్ళకు వెనక గోడ మీద పెట్టడానికి మనసు రాలేదో, డబ్బు రాలేదో, ఎవరు చూస్తారులే అనుకున్నారో! “ఎవరు చూస్తారు? పప్పు బస్తా మోసేవాళ్ళు చూస్తారు. నేను చూశాను,” అన్నాను.

డచ్చి ఆయన వెనకనుంచి మెల్లగా ముందుకు వచ్చాడు. పొడుగువాళ్ళు వెనక్కి అన్నానని గుర్తు చేద్దామనుకున్నాను గాని, ఆయన కళ్ళు చూసి ఆగాను. వేలెత్తి ఆ వంపు అంచు చూపించాడు. ఆ అంచున ఇటుకలు అడ్డంగా లేవు. గుంపులు గుంపులుగా ఏటవాలుగా వంగి, పక్క వరుసల్లోకి దూరి ఉన్నాయి. నేను అన్నిసార్లు చూసి కూడా అది గమనించలేదు.

“నేను నలభై ఏళ్ళు ఇటుక పని చేశాను,” అన్నాడు. “అంచులోంచి వాన నీళ్ళు దిగకుండా ఇట్లా అల్లుతాం. మా పనివాళ్ళ భాషలో దీన్ని జడ అంటాం.”

“జడా?” అన్నాను. నా జడ ముందుకు వేసి చూపించాను. “ఇదేనా?”

“అదే,” అన్నాడు, ముఖం వెలిగిపోతూ. “ఇది నా తాతల చేతిపని.”

ఇంక ఆయన ఆగలేదు, నేనూ ఆపలేదు. ఆయనది ఆమ్‌స్టర్‌డామ్ కాదు, టూరిస్టులు మామూలుగా దిగని ఊరు, డెవెంటర్. నది ఒడ్డున పాత వర్తకుల పట్నం. ఒక పెద్ద మైదానం చివర పాతకాలంలో సరుకులు తూచిన భవనం, కాస్త పక్కకు ఒరిగి ఉంటుందట. దాని గోడకు ఒక పెద్ద రాగి కాగు వేలాడదీసి ఉంటుంది. దొంగ నాణేలు చేసినవాణ్ని అందులో వేసి ఉడికించారట. పిల్లలిద్దరూ “ఛీ!” అని అరిచి, మళ్ళీ చెప్పమన్నారు. వాళ్ళ వీధిలో ఇంటింటికీ ఇట్లాంటి గోడే, ఇట్లాంటి జడే. చూసీ చూసీ తాను కళ్ళెత్తి చూడటం మానేశానన్నాడు. ఆయన భార్య ఆయన చేయి నిమురుతూ, పని మానేశాక ఈయన ఇంత మాట్లాడింది ఇవాళే అని నాకు చెప్పింది. అది విని నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ మాట నా గురించి కూడా చెప్పిందని ఆమెకు తెలియదు.

ప్రశ్నల మీద ప్రశ్నలు పడ్డాయి. దుప్పట్ల ఇంటావిడ కిటికీ తెరిచి, ఏమైంది, గార్డులు, అంటే పోలీసులు, వచ్చారా అంది. మీ ఇల్లు చూస్తున్నామంటే, “నా ఇల్లా? అందులో ఏముంది?” అని ఇంటి చెప్పులతో కిందికి వచ్చి ఆవిడా వరుసలో నిలబడింది.

ఆ సందడిలో పెద్దావిడ నా పక్కకు వచ్చింది. అట్ట మీది కాగితం నాకు చూపించింది. చర్చి దగ్గర రాసినట్టుంది, అడుగున పెద్ద అక్షరాల్లో ‘వద్దు’ అని ఉంది. దాని మీద అడ్డంగా ఒక గీత, ఇంకా తడి ఆరలేదు.

“నువ్వు నిజంగా పోయుంటే ఇదే ఉండేది,” అంది. “ఇరవై ఏళ్ళు ఈ సందు చివరినుంచి నడిచాను. లోపలికి ఎప్పుడూ తిరగలేదు. వచ్చే శనివారం పదకొండింటికి నువ్వే నడిపిస్తున్నావు. ఆ కాగితాలు మాత్రం మళ్ళీ నాకు కనిపించకూడదు.”

ఆవిడ నా భుజం తట్టి, “యు ఆర్ గ్రాండ్, గర్ల్,” అని మళ్ళీ పొట్టివాళ్ళ వరుసలోకి పోయి నిలబడింది.

అప్పుడే ఫోన్ మోగింది. మా ఆయన. రెండు గంటలుగా నా నుంచి కబురు లేదు, పాపం కంగారు.

“ఏమైందే? పాసా ఫెయిలా? ఎక్కడున్నవ్?”

నా ముందు పన్నెండు ముఖాలు పైకి చూస్తున్నాయి. చిన్నపిల్లాడు ప్రశ్న అడగడానికి చేయెత్తి నిలబడి ఉన్నాడు.

“క్లాసుల ఉన్న, మల్ల చేస్త,” అని ఫోన్ పెట్టేశాను.